ఆరో సీటుకు అత్తగారు

క్వీన్స్‌టౌన్ హోటల్‌కు పనిశిక్షణకు వెళ్లాల్సిన ఆరుగురిలో లూసీలా అనే అమ్మాయి, విమానాల కంపెనీలోనే ఉద్యోగం దొరికిందంటూ ఎగిరి గంతేసి తప్పుకుంది. ఆ ఖాళీ మధ్యాహ్నంలోగా నిండకపోతే, సిబ్బంది ఉండే ఇంటిని ఇంకో దేశపు కాలేజీకి ఇచ్చేస్తామని హోటల్ వాళ్లు తేల్చి చెప్పారు. అంటే మిగతా ఐదుగురి ప్రయాణం కూడా ఆగిపోయినట్టే. సాయంత్రం తరగతుల్లో పాసై, చేతిలో పాస్‌పోర్టు కూడా ఉన్న మనిషి ఒక్కరే దొరికారు. పేరు మతలేనా తోఫా. "లోపలికి పంపించండి" అంది ఎపెనేసా. ఏటా అపియా కాలేజీ నుంచి పిల్లల్ని విదేశీ హోటళ్లకు పంపించే బాధ్యత ఆమెదే. తలుపు తెరుచుకుంది. వచ్చిన మనిషిని చూసి ఎపెనేసా కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. పోయిన వారం మనం అక్కడే ఆగాం.

వచ్చింది ఆమె అత్తగారు.

ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లబట్టలు కట్టుకుంది. నెరిసిన జుట్టు నున్నగా దువ్వి ముడి వేసింది. చెవి వెనక ఎర్ర మందారం. చేతిలో తాటాకు విసనకర్ర. పొద్దున ఆరింటికి ఎపెనేసా కాచి ఇచ్చిన కోకో తాగుతూ, "నేను ఇవాళ మహిళా సంఘానికి పోతున్నా" అని చెప్పిన మనిషి ఈమే.

"కూర్చోండి అత్తయ్యా" అంది ఎపెనేసా.

"ముందు నువ్వు కూర్చో."

"మీరు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటాను?"

"ఆఫీసరు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటాను? ఇంటర్వ్యూలో తొందరపడి కూర్చోకూడదని మాకు నేర్పించారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఒకేసారి కూర్చున్నారు. ఇంట్లో అయితే అత్తగారు తినడం పూర్తయ్యేదాకా ఎపెనేసా చాప అంచున కూర్చుని ఈగలు తోలుతుంది. మధ్యలో బల్ల పెట్టుకుని ఎదురెదురుగా కూర్చోవడం పెళ్లయ్యాక ఇదే మొదలు.

"తోఫా ఏమిటి అత్తయ్యా? మన ఇంటిపేరు కాదుగా."

"మా నాన్న పేరు. పెళ్లికి ముందు నా పేరు అదే. ఎవరి దగ్గరా దొంగిలించలేదు."

"మంగళవారం, గురువారం చాపలు అల్లడానికి పోతున్నానని చెప్పేవారు."

"అల్లానే! మొదటి వారం అల్లాను."

"మరి ఇంటికి తెచ్చిన చాప?"

"ఏదీ అని అడుగుతావని బజార్లో కొన్నాను." ఆవిడ ముఖంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు. "బేరమాడి కొన్నాను. నీకు నచ్చిందన్నావు కూడా."

ఎపెనేసాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటినీ మింగేసి దరఖాస్తు కాగితం ముందుకు లాక్కుంది.

"అక్కడ పని ఏమిటో తెలుసా మీకు? గదులు ఊడవాలి. బాత్రూములు కడగాలి. ముక్కూ మొహం తెలియని వాళ్ల దుప్పట్లు ఎత్తాలి. చలి. మంచు. ఆరు నెలలు."

"ఇక్కడ మాత్రం ఏం చేస్తున్నా? మీ మామయ్య బట్టలు ఎవరు ఉతుకుతున్నారు?"

"నేను ఉతుకుతున్నానత్తయ్యా."

"అవును, నువ్వే. నువ్వు రాకముందు నేను."

బయట వరండాలో ఐదుగురు పిల్లలు ఎదురుచూస్తున్నారు. వాళ్లలో ఎవరో తెచ్చిన నూనెలో వేయించిన గుండ్రటి పానికేకేల వాసన కిటికీలోంచి లోపలికి వస్తోంది. వాళ్ల గుసగుసలు కూడా వినిపిస్తున్నాయి. ఈ ముసలావిడ ఎవరు, మన సీట్లు నిలబడతాయా పోతాయా అని.

"మామయ్యకు తెలుసా?" అంది ఎపెనేసా గొంతు తగ్గించి.

మతలేనా విసనకర్రతో రెండుసార్లు విసురుకుంది. "తెలియాల్సినప్పుడు తెలుస్తుంది."

"అంటే తెలియదు."

"ఆ జర్మనీ మొగుడూపెళ్లాలు గుర్తున్నారా?" అంటూ ఆవిడ మాట మార్చింది. మార్చిందని ఎపెనేసా అనుకుంది గానీ, నిజానికి అసలు సంగతికే వస్తోంది. "వాళ్ల కారు మన ఇంటి ముందు చెడిపోయింది. బాగుచేసే సామాను వచ్చేదాకా వారం రోజులు మన ఫాలె పాకలోనే పడుకున్నారు. పిల్లలతో కలిసి ఆకుల్లో కొబ్బరిపాలు పోసి పలుసామీ వండారు. పోయేటప్పుడు ఆ పిల్ల నన్ను పట్టుకుని ఏమంది? 'మేం దిగిన ఏ హోటల్లోనూ ఇంత బాగా నిద్రపట్టలేదు' అంది. నువ్వే కదా నాకు అర్థం చెప్పింది."

"చెప్పాను."

"ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సముద్రం ఒడ్డున నాలుగు ఫాలెలు కడతాను ఎపెనేసా. చుట్టూ గోడలుండవు, తెరలే. పక్కా దోమతెరా మాత్రం శుభ్రంగా ఉండాలి. పొద్దున్నే బొప్పాయి, కోకో. నాకు అతిథుల్ని చూసుకోవడం వచ్చు, అతిథుల దగ్గర డబ్బు పుచ్చుకోవడం రాదు. ఎంతమంది వస్తారో ముందే ఎలా తెలుసుకుంటారు, ఒకడు గొడవ చేస్తే ఏం చేస్తారు, దుప్పట్లు ఎన్ని జతలు పెట్టుకుంటారు, నాకేమీ తెలియదు. పెద్ద హోటల్ లోపల నిలబడి చూస్తే తెలుస్తుంది. నువ్వు ఏటా పిల్లల్ని పంపిస్తావు. వాళ్లు అన్నీ నేర్చుకుని వచ్చి మళ్లీ ఇంకెవరి హోటల్లోనో చేరతారు. మనది అని ఒకటి ఎవరూ కట్టరేం?"

కాలేజీ సమావేశాల్లో ఇదే ప్రశ్న ఎపెనేసా చాలాసార్లు వేసింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో తను వడ్డిస్తూ అలవాటుగా వాగిన వాగుడంతా ఎదురుగా తింటున్న మనిషి ఇంత శ్రద్ధగా వింటోందని ఆమెకు ఏనాడూ తోచలేదు.

బల్ల మీది కంప్యూటర్ మోగింది. క్వీన్స్‌టౌన్ నుంచి కాత్రిన్ డూలన్. హోటల్లో మనుషుల్ని తీసుకునే వ్యవహారమంతా ఆమె చేతిలోనే ఉంటుంది. తెర మీద ఆమె ముఖం వెలిగింది. మెడ చుట్టూ ఉన్ని గుడ్డ, వెనక కిటికీలో తెల్లటి కొండలు.

"ఎపెనేసా! దొరికారా మనిషి?"

"దొరికారు. మాట్లాడే ముందు నేనొక సంగతి చెప్పాలి." ఎపెనేసా తెరకు దగ్గరగా వంగింది. "ఈవిడ మా అత్తగారు. నా భర్తకు తల్లి. పరీక్షలు నేను పెట్టలేదు, సాయంత్రం తరగతులు నేను చెప్పను. ఈవిడ అక్కడ చేరిన సంగతే నాకు పది నిమిషాల కిందట తెలిసింది. మీకు అభ్యంతరమైతే ఇప్పుడే చెప్పండి."

కాత్రిన్ కాసేపు కదలకుండా ఉంది. నెట్‌వర్క్ ఆగిందేమో అనుకుంది ఎపెనేసా. అంతలో ఆమె ఫక్కున నవ్వింది.

"మా అత్తగారిని నేను ఇంకో దేశం పంపించలేకపోయాను. మీరు అదృష్టవంతులు. ఏదీ, కనబడమనండి."

మతలేనా కుర్చీ జరుపుకుని వచ్చి తెర ముందు నిటారుగా కూర్చుంది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. గది శుభ్రం చేసే వరస ఏమిటని అడిగితే పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పింది. ఒకచోట తప్పుపోయి, వెనక్కి వెళ్లి సరిచేసుకుంది. అద్దం ముందా, నేల ముందా అన్నదాని దగ్గర మళ్లీ తడబడింది. కాత్రిన్ ఏదో రాసుకుంది.

"చూడండి మతలేనా, నాకు ఒకే ఒక్క సందేహం ఉంది. మా గదుల విభాగంలో సూపర్‌వైజర్‌కు ఇరవై మూడేళ్లు. పేరు జోసీ. మంచిదే గానీ నోరు కాస్త గట్టి. మీ మనవరాలి వయసు పిల్ల 'ఇలా కాదు, మళ్లీ చెయ్యి' అంటే చేస్తారా?"

మతలేనా చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"చేయాలనే ఉంది" అంది చివరికి. "చేస్తానో లేదో తెలియదు. నాకు పని చెప్పేవాళ్లు లేక చాలా కాలమైంది."

కాత్రిన్ చూపు ఎపెనేసా మీదకు మళ్లింది. "మీరు చెప్పండి. ఆవిడతో ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఎవరి మాటైనా వింటుందా?"

వింటారు అంటే అబద్ధం. వినరు అంటే ఐదుగురు పిల్లలు వరండాలోంచి ఇంటికి పోతారు. అత్తగారేమో తలతిప్పకుండా తెరకేసే చూస్తోంది.

"ఇంట్లో ఎవరి మాటా వినరు" అంది ఎపెనేసా.

వరండాలో గుసగుసలు ఆగిపోయాయి. మతలేనా మెడ మీద నరం ఒకటి కదిలింది.

"కానీ ఇది ఇల్లు కాదు" అంటూ ఎపెనేసా లేచింది. "నాకు పది నిమిషాలివ్వండి. చెప్పడమెందుకు, చూపిస్తాను."

పక్క గదిలోనే పిల్లలకు పని నేర్పే మంచం ఉంది. హోటల్ గదిలాగే దీపం, అద్దం, బీరువా, అన్నీ పెట్టారు. ఎపెనేసా తన ఫోన్‌లో కాత్రిన్‌ను మళ్లీ కలిపి, కిటికీ అంచుకు ఆనించి పెట్టింది. మంచం మీది పక్కంతా లాగి కుప్పగా నేల మీద పడేసింది. ఆ తర్వాత, పెళ్లైన ఇన్నేళ్లలో కలలో కూడా అనుకోని పని చేసింది.

"మతలేనా" అని పిలిచింది. "ఈ పక్క వెయ్యండి."

పేరు పెట్టి పిలిచింది! కిటికీ అవతల నుంచి ఎవరిదో ఊపిరి గట్టిగా వినిపించింది. అక్కడ ఐదు తలలూ వరసగా పేర్చినట్టున్నాయి. మతలేనా తలెత్తి కోడలి వైపు చూసింది. ఆ చూపుకి మగవాళ్లు కూడా చేతిలో పని వదిలేసి పక్కకు తప్పుకోవడం ఎపెనేసా చూసింది. తను తప్పుకోలేదు.

మతలేనా విసనకర్రను బల్ల మీద పెట్టి వంగింది. దుప్పటి విదిల్చింది. పరిచింది. మూలలు మడిచి పరుపు కిందకు దోపింది. దిండ్లు సర్ది పక్కకు జరిగి నిలబడింది.

ఎపెనేసా మంచం చుట్టూ తిరిగింది. "కాళ్ల వైపు మూల వదులుగా ఉంది. మళ్లీ."

మూల నిజంగానే వదులుగా ఉంది. మతలేనా పెదవి బిగించి అంతా తీసి మళ్లీ పరిచింది. ఈసారి తొందరపడలేదు. అరచేత్తో నిమురుతూ ముడతలు తీసింది. మూలలు కత్తిరించినట్టు వచ్చాయి. ఫోన్‌లోంచి కాత్రిన్ "బాగుంది, చాలా బాగుంది" అంది.

బాగుందని ఎపెనేసాకూ తెలుసు. అక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆమె కళ్ల ముందు జోసీ కనబడింది. పొద్దున్నే ఎవరితోనో గొడవపడి వచ్చి, ఎదురుపడిన వాళ్ల మీద విరుచుకుపడే రోజు జోసీకి కూడా వస్తుంది. ఆ రోజు ఈవిడ దుప్పటి అక్కడే పారేసి వచ్చేస్తే, వచ్చే ఏడాది ఈ కాలేజీ పిల్లల్ని ఆ హోటల్ గడప తొక్కనివ్వదు.

"మళ్లీ" అంది.

మతలేనా నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏం తప్పుంది ఇందులో?"

ఎపెనేసా మంచం దగ్గర నుంచి ఒక అడుగు పక్కకు జరిగింది.

"అడుగుతున్నాను కదా? ఏం తప్పుందో చూపించు."

"చూపించను. మళ్లీ వెయ్యండి."

కిటికీ దగ్గర పిల్లల నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. రాత్రికి ఎపెనేసా ఇంటికి పోయి ఈ మనిషికే అన్నం వడ్డించాలి.

మతలేనా చాలాసేపు మంచం వైపే చూసింది. తర్వాత దిండు తీసి పక్కన పెట్టింది. ఇంకో దిండు. దుప్పటి ఒక్క విసురుతో లాగింది. మళ్లీ పరుస్తూ గొంతులో ఏదో సన్నగా పాడటం మొదలుపెట్టింది.

"ఏం పాట అది?" అడిగింది కాత్రిన్.

"చర్చి పాట" అంది ఎపెనేసా. "బాగా కోపం వస్తే పాడతారు."

"అక్కడ కూడా పాడుకోమనండి. మా వాళ్లు కోపం వస్తే తలుపులు వేస్తారు ధడాధడా. ఇదే నయం." కాత్రిన్ నవ్వుతూ ఏదో నొక్కింది. "ఆరుగురు. ఇల్లు మీదే. టికెట్ల సంగతి రేపు మాట్లాడదాం."

ఫోన్ ఆరిపోయిందో లేదో వరండా దద్దరిల్లింది. ఐదుగురూ అరుచుకుంటూ మెట్లు దిగి ముంగిట్లోకి పరిగెత్తారు. ఒకడు చప్పట్లు మొదలుపెడితే ఇద్దరు ఆటందుకున్నారు.

గదిలో అత్తాకోడళ్లు మిగిలారు. మతలేనా చివరి మూల దోపి, నడుం నిలబెట్టుకుంది.

"నన్ను పేరు పెట్టి పిలిచావు."

"అవునత్తయ్యా. తప్పే. కానీ..."

"ఇంట్లో నేను అమ్మని, అత్తని, నాన్నమ్మని. చర్చిలో డీకన్ గారి భార్యని. మతలేనా అని పిలిచే వాళ్లంతా పోయారు." ఆవిడ దిండు మీద చేయి వేసి ఒకసారి నిమిరింది. "బాగుంది వినడానికి. ఇంటికెళ్లాక పిలిచావో, తంతాను."

ఎపెనేసా నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

మామగారు సిమియోనా. నడుముకు చుట్టిన జేబుల లావాలావా, ఇస్త్రీ చొక్కా, చేతిలో పంచాయితీలకు పట్టుకెళ్లే పొడవాటి కర్ర. ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో తెలియదు. మతలేనా చేయి తనంతట తాను విసనకర్రను వెతుక్కుంది.

"మూడోసారి దుప్పటి ఎందుకు తీయించావు?" అని అడిగాడు కోడల్ని.

"అక్కడ ఊరికే కూడా తీయిస్తారు మామయ్యా. ఓర్చుకుంటారో లేదో చూశాను."

ఆయన మంచం దాకా నడిచి, మూలను వేలితో తాకి చూశాడు. "నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. ఈ మనిషి చేత చెప్పిన పని ఒక్కసారి కూడా చేయించలేకపోయాను. నువ్వు మూడుసార్లు చేయించావు."

"నీకెవరు చెప్పారు ఇక్కడున్నానని?" అంది మతలేనా.

"నువ్వెక్కే బస్సు నడిపేది మా పెద్దన్న మనవడు. నువ్వు కాలేజీ దగ్గర దిగుతున్నావని మొదటి వారమే చెప్పాడు. ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా." ఆయన మంచం అంచున కూర్చోబోయి, ముడత పడుతుందని ఆగి నిలబడ్డాడు. "వెళ్లు. ఆదివారం రాళ్ల పొయ్యి మీద వంట ఎలాగూ మగవాళ్ల పనే. మిగతా రోజులు ఏదో తింటాం."

మతలేనా విసనకర్ర తీసుకుని, విసురుకోకుండానే మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"ఫాలెలు కడతానన్న సంగతి కోడలికి చెప్పావా?" అన్నాడు సిమియోనా.

"చెప్పాను."

"ఎక్కడ కడతావో చెప్పావా?"

మతలేనా కిటికీ వైపు తిరిగింది.

"చెప్పలేదన్నమాట." ఆయన ఎపెనేసా వైపు చూశాడు. గొంతులో కరుకు లేదు. "మన ఊరి ఒడ్డంతా నల్లరాయి అమ్మాయ్. అతిథులు కాలు పెట్టడానికి పిడికెడు ఇసుక లేదు. ఇసుక ఉన్నది వాగు దాటాక. మతౌతు ఊరి వైపు."

ఎపెనేసాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం కోడు పట్టుకుంది. వాగు దాటాక ఉన్న ఆ ఇసుకలోనే తను నడక నేర్చింది. అది ఆమె తండ్రి పౌలో స్థలం. తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఇప్పటి తన భర్త తవితా చేయి పట్టుకుని ఆ ఒడ్డు వెంటే నడిచి వచ్చేసింది. ఆ రోజు నుంచి తండ్రి ఆమెతో మాట్లాడలేదు. అపియా బజార్లో ఎదురైతే దుంపల బస్తా వైపు తిరిగి నిలబడ్డాడు.

"నేనే పోయి అడిగాను" అంది మతలేనా, కిటికీలోంచి చూపు తిప్పకుండా. "పోయిన నెల. లోపలికి రమ్మన్నాడు, చాప వేయించాడు. ఇవ్వనని అనలేదు. ఇస్తానని కూడా అనలేదు. అడగాల్సింది నువ్వు కాదు అన్నాడు."

"అత్తయ్యా... నాతో ఒక్క మాట అనలేదేం?"

"ఏమని చెప్పను? నాలుగు ఫాలెల కోసం నీ పుట్టింటిని అడ్డం పెట్టుకున్నానంటావేమో అనుకున్నా. సీటొచ్చాక చెబుదామని ఊరుకున్నా."

సిమియోనా కర్రను చేయి మార్చుకున్నాడు. "ఇవాళ పొద్దున మీ నాన్నే మన ఇంటికి వచ్చాడు. ఒంట్లో ఓపిక ఉండగానే తేల్చుకోవాలన్నాడు. నువ్వు ఇక్కడుంటావని తీసుకొచ్చాను."

"ఎక్కడున్నారు?"

ఆయన కిటికీ వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

కింద ముంగిట్లో పిల్లలు ఇంకా ఆడుతూనే ఉన్నారు. వాళ్లకు కాస్త దూరంగా, నీళ్ల పంపు పక్కన, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్న ఒక ముసలాయన నిలబడి వాళ్లనే చూస్తున్నాడు. భుజాలు బాగా వంగిపోయాయి. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఎవరో పిలిచినట్టు ఆయన తలెత్తి పైకి చూశాడు.

ఎపెనేసా అక్కడ ఆగలేదు. చెప్పులు వేసుకోకుండానే వరండా దాటి మెట్ల మీదకు వచ్చింది. ఆయన కూడా అప్పటికే కమ్మీ పట్టుకుని పైకి వస్తున్నాడు, మెట్టు మెట్టుకూ ఆగుతూ. మలుపు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. దారి ఇరుకు. ఈసారి ఎవరికీ పక్కకు తిరగడానికి చోటు లేదు.

ఎపెనేసా మోకాళ్లు వంచి మెట్టు మీద కూర్చుంది. తండ్రి ఎదురుగా నిలబడి మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. పౌలో ఊపిరి తీసుకుని, కూతురి ముఖంలోకి చూసి, తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట కోసం నోరు తెరిచాడు.